నలభై రెండు డిగ్రీల దగ్గర

కుతైసీలో ద్రాక్ష కోతల వారం.
ఊరంతా పులుస్తోంది.
మెట్ల మీద, బస్సుల్లో,
నర్సుల జుట్టులో కూడా అదే వాసన.
లాబ్‌లో నా సీసా కూడా పులిసింది.
ఆరో మంచం రక్తం.
తెల్లవారుజామున మూడున్నరకి
యంత్రం కూత పెట్టి లేపింది.

స్లైడు మీద ఒక చుక్క, ఊదా రంగు.
కటకం కింద గుండ్రటి గింజలు,
ఒకదాని భుజం మీంచి ఇంకొకటి
తొంగి చూస్తున్నట్టు మొగ్గలు.
ఈస్ట్. అంతవరకే తెలిసింది.
"ఈస్టంటే మనింట్లోదేగా" అంది
కొత్తగా చేరిన లమారా, ఆవలిస్తూ.
నిజమే. రొట్టెదీ వైన్‌దీ దీనిదీ ఒకే వంశం.
చుట్టాల్లో ఎవరు చంపుతారో
ముఖం చూసి చెప్పలేం.

ముందు సీరంలో వేసి వెచ్చగా కూర్చోబెట్టాను.
తోక మొలిస్తే పాత నేరస్తుడే,
అలవాటైన మందు ఉంది.
రెండున్నర గంటలు.
మొలవలేదు.

రంగుల పళ్ళెంలో గీశాను.
ఆకుపచ్చ రాలేదు, నీలం రాలేదు.
రెండో రోజుకి వెలిసిపోయిన గులాబీ,
ఎవరిదైనా కావచ్చు.
మొక్కజొన్న పిండి అగర్ మీద గాజు పలక కప్పి
తీగ సాగుతుందేమోనని చూశాను.
గింజలు గింజలుగానే ఉన్నాయి,
చెప్పేదేమీ లేనట్టు.

ఇక చక్కెరల పంక్తి.
ఇరవై గుంటలు, గుంటకో తీపి.
ఏది తింటావు? ఏది వదిలేస్తావు?
తిండిని బట్టి పుట్టుక తేల్చే పని,
మనుషుల మధ్య చేస్తే సిగ్గుపడాలి,
ఇక్కడ జీతమిస్తారు.
తొంభై రెండు శాతం ధీమాతో
పుస్తకం ఒక పేరిచ్చింది.
అరుదైన పేరు, పాలిపోయిన పేరు.
డాక్టర్ జుంబెర్ ఫోన్‌లో తేలిగ్గా ఊపిరి వదిలాడు:
"పేరొచ్చిందిగా, మందు అదే నడుస్తుంది."
"మిగతా ఎనిమిది శాతం..." అన్నాను.
చెవిన పెట్టలేదు.

మా నాన్న అక్టోబరులో
నేల మీద బోర్లా పడుకుని
పాతిపెట్టిన క్వెవ్రీ జాడీ మూతికి చెవి ఆనించేవాడు.
లోపల నురుగు మాట్లాడుతుందనేవాడు.
కంగారుగా ఉందా, అలిసిందా,
తీపి అయిపోయిందని అబద్ధమాడుతోందా,
అన్నీ వినేవాడు, చొక్కాకి మట్టంటుకుని.
అమ్మ తిట్టేది.
నాకు జాడీ లేదు, ఇంక్యుబేటర్ ఉంది.
చెవి ఆనించలేను.
వేడి పెంచగలను.

నలభై రెండు.
పుస్తకం చెప్పిన ఆ పాలిపోయిన జాతి
అక్కడ బతకకూడదు.
రెండు రాత్రులు తలుపు తియ్యలేదు.
మూడో పొద్దున తీస్తే
పళ్ళెం నిండా తెల్లగా, తాపీగా,
పొయ్యి పక్కన పెట్టిన పిండిలా
పొంగి ఉంది.

మూడు పొరల డబ్బాలో సీలు వేసి
త్బిలిసీ పంపాను. అక్కడ ఒక యంత్రం
లేజర్‌తో కొట్టి, ప్రోటీన్ల బరువులు తూచి
జాతకం చదివినట్టు చదువుతుంది.
సాయంత్రానికి ఫోన్.
అసలు పేరు చెప్పారు.
మొదట ఎక్కడో దూరదేశంలో
ఒక పెద్దావిడ చెవిలో దొరికిందట.
లాటిన్‌లో ఆ పేరుకి అర్థం కూడా చెవే.
నవ్వొచ్చింది నాకు.
లమారా భయపడి చూసింది.

ఆ రాత్రే మందు మార్చారు.
అయిదో మంచాన్నీ ఏడో మంచాన్నీ వేరే గదికి తోశారు.
రెయిలింగులన్నీ క్లోరిన్ వాసన.
ద్రాక్ష వాసన కాసేపు ఓడిపోయింది.

ఆరో మంచం మనిషి పేరు ఇరోదీ అని
చీటీ మీద చదివాను.
త్స్కల్తుబో బస్సు నడిపేవాడు.
చిల్లర లేకపోతే రేపిమ్మనేవాడు,
నేను ఇంకా యాభై తెత్రీ బాకీ.

ఇవాళ అతని కొత్త సీసా వచ్చింది.
అయిదు రోజులు కూయకుండా ఉంటే చాలు.
ఇది రెండో రోజు.
ఇంటికి బయల్దేరుతూ, లమారా చూడకుండా,
యంత్రం తలుపుకి చెవి ఆనించాను.
సీసాలు ఊగే చప్పుడు.
అంతే, ఇంకేమీ లేదు.
ఇంకొంచెంసేపు అలాగే ఉన్నాను.